నీడపట్టున కట్టిన మూట

సిద్దిపేట,
జులై 2, 2011.

వినీతా,

మేమందరం మంచిగున్నం అని రాస్తే అబద్ధమైతది, అందుకని రాస్తలేను. మొదలు ఒక మాట ఇను. ఇంటి ఫోనుకు ఇగ చెయ్యకు. కోపం చేసుకోకు.

మొన్న ఐతారం నువ్వు చేసినప్పుడు నేను కొట్టంల చుక్కబర్రె పాలు పిండుతున్న. ఫోను మోగంగనే చెంబు ఆడనే ఇడిచిపెట్టి ఉరికిన. బర్రె కాలు తాకి పాలన్ని పెండల కలిసినయి. ఇంతజేసి ఎత్తితే, "వదినా, నేను" అన్నవు. నాకు ఏడ్పు తన్నుకొచ్చింది. నువ్వు మీ అన్నవు కాకపోతివి గద, అందుకు.

గోడకున్న ఈ ఫోను నంబరు ఒక్కటే మీ అన్నకు నోటికొచ్చు. సెల్లు ఎక్కడ పడగొట్టుకున్నా గీ నంబరు మర్వడు. ఆయన సెల్లుకు నేను చేస్తే ఆ పోరి ఎవతో "స్విచ్చాఫ్" అని ఒక్కటే పాట పాడతది, దాని నోరు పడిపోను. అందుకని ఈ లైను ఖాలీగ ఉండాలె. మనిద్దరం ముచ్చట పెట్టుకున్న యాల్లనే ఆయన చేస్తే ఎట్ల? ఉత్తరం రాయి. నీ అంత సదువు లేకున్నా చదువుకునేటంత వచ్చు నాకు.

మార్చిల మిలియన్ మార్చికని పోయిన మనిషి. ఖుతుబుద్దీన్ అన్న పాలవ్యానుల ఇద్దరు కలిసే పోయిన్రు. "ట్యాంక్‌బండు మీద జనంల చెయ్యి జారింది వదినె, మళ్ల దొరకలే" అన్నడు. గా మాట చెప్పిన కాన్నుంచి ఆయన నా మొకం చూస్తలేడు. తల కిందికేసుకొని పాలు పోసుకపోతడు. పట్నంల మనం తిరగని దవాఖాన లేదు, అడగని ఠాణా లేదు, నీకు ఎరుకే.

మీ బాపు బువ్వ సగం పల్లెంలనే ఇడుస్తుండు. "పెత్రమాస దాంక చూస్త" అంటుండు. ఆనాడు సచ్చినోళ్ల పేరు మీద అయ్యగారికి బియ్యం ఇచ్చేటప్పుడు మీ అన్న పేరు సుత చదివిస్తడట. చదివిస్తే నా బొట్టు, నా గాజులు ఏమైతయో నీకు చెప్పాల్నా? నేను చదవనియ్య. ఆయన సచ్చిండని చూసినోళ్లు ఎవలు?

చుక్కబర్రె సుత పరేషాన్ చేస్తుంది. నెమరు సక్కగ ఏస్తలేదు. పొద్దుగూకే యాల్లకు, మీ అన్న బండి చప్పుడయ్యే యాల్లకు, గేటు దిక్కు తిరిగి నిలబడతది. ఎవ్వరు చెయ్యి పెట్టకున్నా పొదుగు చేపుకొచ్చి పాలు చుక్కలు చుక్కలు కారుతయి. రోడ్డు మీద ఎవ్వరుండరు.

ఒక్క మాట అడుగుత, నా మీద ఒట్టేసి చెప్పు. ఆయన నీ దగ్గరికి వచ్చిండా? ఎప్పుడు చూసినా "కర్నాలు పోవాలె, మా చెల్లె చూసే బర్రెలను చూడాలె" అంటుండె. నా మీద అలిగి వస్తే ఉండనీ, తిట్ట. బతికున్నడని ఒక్క ముక్క రాయి.

నీ వదిన
అమృతమ్మ
(పేరుకే అమృతం, నోటి సంగతి నీకు తెల్సిందే)


కర్నాల్,
జులై 16, 2011.

వదినకు,

ఇక ఫోను చేయను. చెంబెడు పాలు పెండపాలు చేసినందుకు చెంపలు వేసుకుంటున్నాను.

నీ మీద ఒట్టు, అన్న ఇక్కడికి రాలేదు. వస్తే దాస్తానా? నీ నోటికి భయపడైనా చెప్పేదాన్ని. హాస్టలు గేటు దగ్గర ఎవరైనా పొడుగ్గా, కొంచెం ఎడమవైపు వంగి నడుస్తూ కనబడితే ఇప్పటికీ వెనకాలే పోతున్నాను. ప్రతిసారీ ఎవరో ఒక కొత్త ముఖం తిరిగి చూస్తుంది.

నీకు దాచకుండా ఒకటి చెప్పాలి. పోయినవారం పానిపట్టు దవాఖానలో పేరు తెలియని మనిషి శవం ఉందని, దక్షిణాది వాడిలా ఉన్నాడని ఇక్కడి పేపర్లో చూసి వెళ్లాను. ముఖం గుర్తుపట్టేలా లేదు. పోయిన దసరాకు చుక్కబర్రె అన్న కుడి మణికట్టు మీద పళ్లు దించింది కదా, ఆ మచ్చ నాకు కనిపించలేదు. కాబట్టి అన్న కాదనే అనుకుంటున్నాను. ఖాయంగా తెలిస్తే చెప్పమని అక్కడివాళ్లకు నా నంబరు ఇచ్చి వచ్చాను.

ఆ దసరాకే నువ్వు నవ్వావు, "గింత సదువు సదివి బర్రెల తేన్పులు లెక్కబెడతవా" అని. లెక్కే పెడుతున్నాను వదినా. పశువు తిన్న మేత కడుపులో నానేటప్పుడు మీథేన్ అనే గాలి పుడుతుంది. త్రేన్పులతో బయటికి వచ్చి, ఎండాకాలంలో దుప్పటి కప్పినట్టు, భూమి వేడిని పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. మేతలో కొంత బలం కూడా పాలకు రాకుండా ఆ గాలితోనే పోతుంది. దాన్ని తయారుచేసేవి కంటికి కనిపించని జీవులు. వాటి నోటికాడి ముద్ద లాక్కునే వేరే జీవులను దాణాలో కలిపితే ఆ గాలి తగ్గుతుందా అనేదే నా చదువంతా.

చుక్కబర్రెకు త్రేన్పులు తక్కువని మొదట పసిగట్టింది అన్నే. నెమరు పోయిన బర్రె నోట్లో, బాగా నెమరేసే చుక్కబర్రె నోటి ముద్ద తీసి పెట్టేవాడు, గుర్తుందా? అది మన తాతల కాలం నుంచి ఉన్న వైద్యం. "గిది బంగారు కడుపు చెల్లే, గిదాని నెమరు కొంచబో" అని దాని దవడల మధ్య చెయ్యి పెట్టి ముద్ద తీసి నా థర్మాసులో వేశాడు. ఆ ముద్దలోని జీవులే ఇప్పుడు నా సీసాల్లో పెరుగుతున్నాయి.

ఇక్కడ ఒక గది ఉంది. పశువును లోపల ఉంచి తలుపు మూస్తే దాని ఊపిరి గొట్టంలోంచి యంత్రానికి వస్తుంది, తెర మీద గీత లేస్తుంది. పశువును బయటికి తోలుకుపోయాక కూడా గీత వెంటనే పడిపోదు. లోపల మిగిలిన ఊపిరి పోయేదాకా కదులుతూనే ఉంటుంది. మొన్న ఖాళీ గది ముందు కూర్చుని ఆ గీతను చూస్తూ ఉండిపోయాను. ఎందుకో భయమేసింది.

ఇంకొక సంగతి ఉంది. ఖాయం కాకుండా రాయను, తప్పయితే నీకు లేనిపోని ఆశ పెట్టినట్టవుతుంది. ఖాయమైతే మాత్రం నేరుగా పంపుతాను.

బాపును బువ్వ తినమను. నేను చెప్పానని చెప్పకు, అసలే తినడు.

వినీత


సిద్దిపేట,
ఆగస్టు 6, 2011.

సదువుకున్న ఆడిబిడ్డకు,

నీ ఉత్తరం పేపరు చదివినట్టే ఉంటది. అన్ని ఉంటయి, కావల్సింది ఉండదు. మచ్చ "కనిపించలేదు" అని రాసినవు. లేదా, కనిపించలేదా? రెండు ఒకటి కాదు. ఆ ఒక్క ముక్క పట్టుకొని ఇన్ని రోజులు నేను నలిగిపోయిన. చెయ్యి చూసినవా, మంచిగ తిప్పి చూసినవా? చూసే ధైర్నం లేక వచ్చినవా? నేనైతే చూడకపోదును గావచ్చు. నిన్నెందుకు అంటున్న మళ్ల.

కింద ఇంకో ముచ్చట రాసినవు, ఖాయమైతే నేరుగా పంపుతనని. ఏం ఖాయం కావాలె? ఏం పంపుతవు? రెండుసార్లు చదివి ఉత్తరం చీరల మడిచిపెట్టిన. మీ బాపు చూసిండు. "ఏం రాసింది నా బిడ్డ?" అంటే "బర్రెల ముచ్చట" అన్న. నమ్మలే. నేను లేనప్పుడు తీసి చదువుకున్నడు, మడత మారింది. అప్పటికెల్లి అరుగు మీద కూసొని పెద్దల పేర్లు నోట్లనే అనుకుంటుండు. వాళ్ల నాయిన పేరు, తాత పేరు, నిన్ను కన్న అవ్వ పేరు. ఇంకో పేరు కాడికి వచ్చి ఆగుతడు. నేను పొయ్యి కాడ సప్పుడు చేస్త, గా పేరు నా చెవుల పడొద్దని.

చుక్కబర్రె నెమరు పూర్తిగ మానేసింది. మీ అన్న చేసినట్టే చేద్దామని రెండో బర్రె నోట్ల చెయ్యి పెట్టి ముద్ద తీసిన. నా చెయ్యి నమిలినంత పని చేసింది. ఆ ముద్ద చుక్కబర్రె నోట్ల పెడితే ఉమ్మేసింది. నా దిక్కు అట్ల చూసింది, "నువ్వెవలు" అన్నట్టు. పక్కటెముకలు లెక్కబెట్టొచ్చు ఇప్పుడు. మీ అన్న వస్తే నన్ను బతకనియ్యడు. వస్తే మాత్రం తిట్టనీ, సాలు.

ఈడ అందరు సమ్మె సమ్మె అంటుండ్రు. వచ్చే నెలల సర్కారు కొలువులోళ్లు, సార్లు, బస్సులోళ్లు అందరు బందు పెడతరట. తెలంగాణ వచ్చేదాంక ఇగ ఆగేది లేదట. రానీ. మీ అన్న కోరింది గదే గద.

జల్ది రాయి. సక్కగ రాయి.

అమృతమ్మ


కర్నాల్,
సెప్టెంబరు 11, 2011.

వదినా,

తిట్టిన తిట్లన్నీ అందాయి, అన్నీ నాకు తగినవే. నువ్వు అడిగినట్టు సక్కగ రాస్తున్నాను, చదువుకో.

పానిపట్టులో ఉన్నది అన్న కాదు. ఆ మనిషి తమ్ముడు ఒడిశా నుంచి వచ్చి గుర్తుపట్టి తీసుకుపోయాడు. ఇది ఖాయం. ఆ దిగులు ఇవాళ్టితో వదిలెయ్యి.

ఇక నేను ఖాయం కావాలన్న సంగతి. చుక్కబర్రె నెమరు నుంచి పెంచిన జీవులను ఇక్కడి బర్రెలకు దాణాలో కలిపి పెట్టాం. అదే గదిలో ఉంచి చూస్తే గాలి తగ్గింది, మేత తినడం మాత్రం తగ్గలేదు. ఒకసారి కాకతాళీయం అవుతుందని మళ్లీ మళ్లీ చూశాం. ప్రతిసారీ తగ్గింది. మా సారు నా భుజం తట్టారు. నేను బాత్రూములోకి పోయి ఏడ్చాను. అన్నకు చెప్పాలి కదా ముందు, ఎక్కడని చెప్పను?

చుక్కబర్రె నెమరు మానేసిందని చదివాక ఒకటే తోచింది. దాని కడుపులోవే దానికి తిరిగి ఇద్దామని. సారును అడిగి ఒక మూట తయారుచేశాను. జీవులు నిలవుండటానికి కాల్చిన ఊకబొగ్గు పొడిలో కలిపాం, అందుకని బూడిదలా కనిపిస్తుంది. పుల్లటి వాసన వస్తుంది, అది చెడిపోయిన వాసన కాదు. రోజూ పొద్దున ఒక గుప్పెడు తౌడులో కలిపి పెట్టు. వేడి కుడితిలో వేయకు, చచ్చిపోతాయి.

మా తోటి స్కాలరు ప్రభాకర్‌ది గజ్వేలు. వచ్చే ఆదివారం ఇంటికి రైలెక్కుతున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను. ఖుతుబన్న నంబరు ఇచ్చాను, ప్రజ్ఞాపూర్‌లో అందుకుంటాడు. అందులో ప్రాణం ఉంది, జాగ్రత్త అని ప్రభాకర్‌కు నోటితో కూడా చెప్పాను. ఎండ తగలకూడదు, నేల చెమ్మ తగలకూడదు, పొయ్యి ఉన్న ఇంట్లోకి తీసుకుపోకూడదు. మన వేపచెట్టు కొమ్మకు నీడపట్టున కట్టెయ్యి. తెల్లబట్టలో కుట్టి మీద అన్న పేరు రాశాను. ఇంటికి ఏం పంపినా ఆ పేరు రాయడమే అలవాటు, మార్చడానికి చెయ్యి రాలేదు.

ఈ ఉత్తరం ఈరోజే పోస్టులో వేస్తున్నాను. మూట కన్నా ముందే నీకు అందుతుంది.

నీ వినీత


సిద్దిపేట,
సెప్టెంబరు 21, 2011.

వినీతా,

మూట అందింది.

నిన్న పొద్దుగాల ఖుతుబన్న తెచ్చిండు. గేటు బయటనే నిలబడ్డడు. ఇన్ని నెలలల్ల మొదటిసారి నా మొకం దిక్కు చూసిండు. "వినీతమ్మ పంపింది వదినె. పైలం. ఇండ్ల పానం ఉన్నదట. ఇంట్లకు కొంచబోవద్దట, నేల మీద దించొద్దట, నీడపట్టున చెట్టుకు కట్టుమన్నరట" అన్నడు. ప్రజ్ఞాపూర్ కాడ రాస్తారోకోల నువ్వు పంపిన పిల్లగాడు వ్యాను కిటికిలకెల్లి అందిచ్చి, గీ నాలుగు మాటలు ఒర్రి, జనంల కలిసిపోయిండట. ఏందని అడిగే జాగ లేకపాయె. ఖుతుబన్నకు మన పద్ధతులు తెల్వయి. చెప్పమన్నది చెప్పిండు.

మీ బాపు అరుగు మీద ఉన్నడు. గా మాటలు ఎప్పుడు చెప్తరో ఆయనకు ఎరుకే గద. మీ అవ్వ అస్తికలను సుత ఇంట్లకు తేలే, నేల మీద దించలే, గంగకు పోయేదాంక గదే వేపచెట్టుకు కట్టిన్రు. లేచి రెండు చేతులు చాపిండు. తెల్లబట్ట, సుట్టు కుట్లు, మీద నీ చేతిరాతతోని ఆయన పేరు. మూల కుట్టు కాడికెల్లి ఇంత బూడిద రాలి మీ బాపు చెయ్యి మీద పడ్డది. "ఇంత తక్కువ బరువున్నవేంది రా" అన్నడు. గంతే. నేను ఒర్రలే. నా నోరు ఏడికి పోయిందో నాకే తెల్వదు.

పానిపట్టుల ఉన్నది ఆయనే గద? ఖాయమైతే నేరుగా పంపుత అన్నవు, పంపినవు. ఉత్తరం పెట్టలే. ఏం రాస్తవులే, నేనైనా ఏం రాద్దును. ఒక్కదానివే పెట్టినవా కొరివి? నీకు తోడు ఎవలన్న ఉండిరా? ఫోను చేసి అడుగుదామని రిసీవరు ఎత్తి మళ్ల పెట్టేసిన. అడిగితే నువ్వు అవునంటవు.

పక్కింటి ఐలవ్వ వచ్చి నా పక్కన కూసొని గాజుల మీద చెయ్యి ఏసింది. మీ బాపు కసిరిండు. "గంగల కలిపినంకనే దినాలు. అప్పటిదాంక నా కోడలి చెయ్యి ముట్టొద్దు" అన్నడు. గంగకు బాసర పోవాలె. బస్సులు మొన్నటిసంది బందు. రైళ్లు సుత ఆపుతరట. సమ్మె తెగినంక పోదాం అంటుండు.

వాడకట్టంత సమ్మె గెల్వాలె అని మొక్కుతుండ్రు వినీతా. నేను సమ్మె తెగొద్దని మొక్కుతున్న. బస్సు కదిలిన్నాడు నా గాజులు పోతయి. మీ అన్న ఇంటే ఎంత తిడతడు నన్ను! తెలంగాణ కోసం పోయిన మనిషి పెండ్లాం తెలంగాణ ఆలస్యం కావాలె అని మొక్కుతుంది.

పొద్దున మూట కింద నిలబడ్డ. కాలిన వాసన రాలే. పుల్లగ, కుడితి గోలెం వాసన. మీ అన్న అంగి వాసన గిదే గద. ఇగ ఏం అనుమానం పెట్టుకుందు?

చుక్కబర్రె గేటు దిక్కు చూస్తలేదు. పొద్దంత మెడ ఎత్తి ఆ మూట దిక్కే చూస్తుంది.

అమృతమ్మ


సిద్దిపేట,
సెప్టెంబరు 29, 2011.

వినీతా,

నీ జవాబు రాలే. రైళ్లు బందు, బస్సులు బందు, ఉత్తరాలు ఏ సంచిల మూలుగుతున్నయో. అయినా రాస్తున్న. ఈ ముచ్చట చెప్పుకునేటందుకు నువ్వు తప్ప నాకు ఎవరున్నరు?

మొన్న మంగళారం పెత్రమాస. అయ్యగారు వచ్చిండు. మీ బాపు పెద్దల పేర్లు చదివిచ్చిండు. మీ అవ్వ పేరు అయినంక ఆగిండు. నేను తలుపు చాటుకు ఉన్న. "చదవనియ్య" అని జులైల నీకు రాసిన గద. ముంగటికి పోయి చేతుల బియ్యం గుంజుకుందామనుకున్న. తలుపు ఇడిచి రాలే. "శైలేందర్" అన్నడు మీ బాపు. అయ్యగారు మళ్ల అన్నడు. ఆ పేరు మగోళ్ల నోట్ల నుంచి అంత మెల్లగ ఎన్నడు ఇనలే నేను. ఎప్పుడూ ఒర్రేటోళ్లే గద, "ఓ శైలేందరూ, పాలు!" అని.

పొద్దుమీకి ఎంగిలిపూల బతుకమ్మ. పిల్లలొచ్చి "అత్తమ్మా రా" అని కొంగు గుంజిన్రు. ఐలవ్వ వాళ్లను తోలుకపోయింది. ఇంట్ల ఎవ్వరు లేరు. మీ బాపు బియ్యం తట్ట ఇయ్యనీకి పోయిండు. నేను ఇంట్ల చీకట్ల కూసున్న, కరెంటు లేదు. బయట పాట, చప్పట్లు. అప్పుడే కొట్టంల బర్రెను కట్టేసిన తలుగు తెగిన సప్పుడైంది.

ఉరికొచ్చేసరికి చుక్కబర్రె వేపచెట్టు కింద ఉన్నది. మూట కొమ్మ నుంచి గుంజుకున్నది. బట్ట చింపి, నోరంత బూడిద చేసుకొని తింటుంది. కట్టె అందుకున్న. కొడదామని లేపిన చెయ్యి అట్లనే ఉన్నది. మీ అన్నను తింటుంది వినీతా. నా కండ్ల ముంగట. నాలికతోని నేల సుత నాకింది, ఒక్క పిసరు ఇడువలే.

మీ బాపు అప్పుడే వచ్చిండు. చూసిండు. కూలబడతడనుకున్న. పోయి దాని మెడ పట్టుకున్నడు. "వాడే పోయిండమ్మా దాని కడుపులకు. గంగకు పోతడా వాడు? ఇల్లు ఇడిచి పోతడా?" అన్నడు. చుక్కబర్రె పండుకున్నది. పండుకొని, దవడ కదిలిచ్చింది. నెమరు. మీ అన్న పోయినంక సక్కగ నెమరెయ్యని బర్రె, మెల్లగ, కండ్లు మూసుకొని, ఎన్నడు ఆపనట్టే నెమరేసింది. మీ బాపు దాని పక్కన నేల మీదనే కూసొని ఆ దవడ దిక్కే చూసిండు.

రెండు రోజులసంది పాలు పిండుతలేను. ఎట్ల పిండుదు? ఎవరికి పొయ్యాలె ఆ పాలు? నువ్వే చెప్పు.

నీ వదిన


కర్నాల్,
అక్టోబరు 4, 2011.

వదినా, వదినా,

నీ సెప్టెంబరు ఇరవై ఒకటో తారీఖు ఉత్తరం ఇప్పుడే చదివాను. నిలబడే రాస్తున్నాను, అక్షరాలు చూసి ఏమనుకోకు.

అది అన్న కాదు. అది దాణా. బర్రెల దాణా వదినా! కాల్చిన ఊక, అందులో చుక్కబర్రె కడుపులోని జీవులు. అన్నీ రాసి పోస్టులో వేశాను, మూట కన్నా ముందే అందుతుందనుకున్నాను. ఆ ఉత్తరం ఎక్కడ ఆగిపోయిందో. పానిపట్టు మనిషి వేరే. అతనికి వేరే ఇల్లుంది, వేరే వాళ్లు ఏడ్చారు. నేనెవరికీ కొరివి పెట్టలేదు.

తెల్లబట్టలో కుట్టేటప్పుడు, చెట్టుకు కట్టమన్నప్పుడు, నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. అవ్వ అస్తికలు అదే కొమ్మకు ఉంటే కింద కూర్చుని ఏడ్చినదాన్ని నేను. జీవులు చావకుండా చూడాలన్న ధ్యాసలో పడి అంతా మరిచిపోయాను. బాపు చెయ్యి మీద పడిన ఆ పొడి గురించి చదివినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

అన్న బతికే ఉన్నాడని నేను చెప్పలేను. ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు, ఉంటే చెప్పేదాన్ని. ఆ మూటలో మాత్రం అన్న లేడు. ఎవరినీ నీ గాజుల మీద చెయ్యి వేయనివ్వకు. బాపుకు ఈ ఉత్తరం చదివి వినిపించు. మూట విప్పి చూపించు, వాసన చూడమను, తౌడులో కలిపి చుక్కబర్రెకు పెట్టు. అప్పుడైనా నమ్ముతాడు.

ఫోను దాకా చెయ్యి పోయింది. నీ మాట గుర్తొచ్చి ఆగాను. ఈ ఉత్తరం కూడా దారిలో ఆగిపోతే ఏం చేయాలి వదినా?

వినీత


సిద్దిపేట,
అక్టోబరు 22, 2011.

ఓ బర్రెల డాక్టరమ్మా,

నీ రెండు ఉత్తరాలు ఒక్కనాడే వచ్చినయి. సెప్టెంబరుది, అక్టోబరుది. ముందుగాల ఏది చదవాల్నో తెల్వక కొత్తది చదివిన. గుమ్మంలనే కూలబడి నవ్విన. ఐలవ్వ ఉరికొచ్చి "పిచ్చి లేసిందా బిడ్డా" అని నెత్తి మీద నీళ్లు కొట్టింది. నవ్వుతనే ఏడ్చిన. దాణా! మీ అన్న పేరు రాసి, తెల్లబట్టల కుట్టి, పానం ఉన్నది చెట్టుకు కట్టుమని, బర్రెల దాణా పంపుతవా? నీ సదువు సల్లగుండ!

నిన్ను తిడదామని కూసున్న గని తిట్లు వస్తలేవు. నువ్వు ముద్ద దిగుతలేదు అని రాసినవు గద, దిగనీ. తిను.

మీ బాపుకు నీ ఉత్తరం చదివి ఇనిపియ్యలే. ఇనిపియ్య సుత. కోపం చేసుకోకు, ఎందుకో చెప్త. నా ఇంకో ఉత్తరం నీకు అందిందో లేదో. ఆ మూట చుక్కబర్రె తినేసింది. పెత్రమాస నాడు చెట్టు మీదికెల్లి గుంజుకొని, బట్టతోని సహా. తిని నెమరేసింది. నీ మందు పని చేసింది, రాసుకో. బర్రె మంచిగున్నది, పక్కలు నిండినయి, పాలు సుత పెరిగినయి. తేన్పులు లెక్కబెట్టుమంటే మాత్రం నాతోని కాదు.

మీ బాపుకు అది కొడుకే. పొద్దుగాల లేవంగనే కొట్టంలకు పోతడు. దాని కడుపు మీద చెయ్యి ఏసి "ఇయ్యాల బస్సులు నడుస్తున్నయి రా" అంటడు. "మక్క కోతకొచ్చింది" అంటడు. బువ్వ పల్లెం నిండ తింటుండు. గంగకు పోయే ముచ్చటే ఎత్తుతలేడు. "గంగల కలిపేది ఏమున్నది, వాడు ఇంట్లనే ఉండె" అన్నడు ఐలవ్వతోని. గంగ లేకపోతే దినాలు లేవు, దినాలు లేకపోతే నా గాజుల జోలికి వచ్చేటోళ్లు లేరు. నిజం చెప్పిన్ననుకో, ఆయన మళ్ల అరుగు మీద కూసుంటడు, మళ్ల సగం బువ్వ, మళ్ల గేటు దిక్కు చూపు. ఆయనకు దొరికిన కొడుకును నేను గుంజుకోలేను. నువ్వు సుత ఆయనకు రాయకు. ఆయనకు అది కొడుకు, నాకు దాణా. ఒక్క ఇంట్లనే రెండు నడుస్తయి తీ.

ఖుతుబన్నకు మాత్రం చెప్పిన. గేటు పట్టుకొని చిన్నపిల్లగాని లెక్క ఏడ్చిండు. "అయితే ఇంక వెతుకుత వదినె" అని పోయిండు. రేపు ఐతారం పట్నం పోతడట.

ఒక్కటే ఫికర్. చుక్కబర్రె పొద్దుమీకి గేటు దిక్కు చూసుడు మానేసింది. ఆ యాల్లకు పండుకొని నెమరేస్తది. పొదుగు చేపుకొస్తలేదు. దానికి దొరకాల్సింది దొరికినట్టే ఉంటది. ఇంతకుముందు నాకు తోడు అదన్న చూస్తుండె. ఇప్పుడు చూసేది నేనొక్కదాన్నే. నీ గదిల బర్రె పోయినంక సుత ఊపిరి కదులుతది అని రాసినవు గద. ఎంతసేపు కదులుతది? అది రాయలే నువ్వు.

ఇంకో మూట పంపు, రెండో బర్రెకు సుత పెడదాం. ఈసారి ప్లాస్టిక్ డబ్బల పంపు. మీద నా పేరు రాయి.

నిన్న పొద్దుమీకి ఫోను మోగింది. నేను కుడితి కలుపుతున్న. ఉరికిన. చేతులకు తౌడు, కొంగుకు తుడుసుకున్న. రిసీవరు మీద చెయ్యి పెట్టిన. ఎత్తలే. ఎత్తితే ఎవలో ఒకలు అయితరు. మోగినంత సేపు మాత్రం అది ఆయనే. శానాసేపు మోగింది. మీ బాపు కొట్టంల నుంచి "ఎవరమ్మా?" అన్నడు. అప్పటికి ఆగిపోయింది. "ఎవరో" అన్న.

నువ్వే చేసినవేమో. చేస్తే చేసినవని రాయకు.

నీ వదిన
అమృతమ్మ